నీళ్ళలో బర్రె – ఫోనులో బేరం

(తృతీయ బి.ఎస్సి. విద్యార్థి, వింజమూరు)

"అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి" అన్న సామెతను పుట్టించినవాడు తప్పకుండా రైతే అయి ఉంటాడు. కందులు అమ్మే రోజున ధర ఉండదు. అదే రోజు ట్రాక్టరుకు ఒక సామాను కొనబోతే ధర నెత్తికెక్కి కూర్చుంటుంది. ఈ రెంటి నడుమ నలిగే మనిషికి ఫోను చూపించి, "ఇదిగో, సగం ధరకే పాత సామాను, ఫోటో చూడు" అంటే చెవి ఒగ్గకుండా ఉంటాడా? ఒగ్గుతాడు. ఆ చెవిలోకే నేడు మోసం దూరుతున్నది.

పాత కార్ల, జీపుల, ట్రాక్టర్ల విడిభాగాలను ముక్కూ మొహం తెలియని ప్రైవేటు వ్యక్తుల దగ్గర ఫోనులో కొనడం, అందులో జరిగే మోసం, దాన్ని తప్పించుకునే దారి — ఇదీ నా విషయం. సావనీరులో ఇదేం విషయమయ్యా అని కొందరు మిత్రులు నవ్వవచ్చు. కవిత్వానికీ, దేశభక్తికీ ఇక్కడ పేజీలు ఉండనే ఉన్నాయి. అయితే మన కళాశాలలో పల్లెల నుంచి వచ్చి చదువుకునేవాళ్ళం తక్కువేమీ లేము. ఇంటి ముందున్న ట్రాక్టరో, బాడుగ ఆటోయో, పాత జీపో కదిలితేనే మన ఫీజు కదులుతుంది. అది ఆగితే చదువే ఆగిన ఇళ్ళు నాకు తెలుసు. అందుచేత ఇది మన విషయమే.

మాది వింజమూరు ప్రాంతం. ఉదయగిరి, కలిగిరి, దుత్తలూరు, సీతారామపురం — ఈ వైపంతా వానను నమ్ముకున్న మెట్ట. కంది, మినుము, శనగ, పొగాకు. నేల పదును మీద ఉన్న నాలుగు రోజుల్లో దుక్కి దున్ని విత్తనం పడాలి. ఆ నాలుగు రోజుల్లో ట్రాక్టరు మొండికేస్తే రైతు పరిస్థితి ఏమిటో పట్నంలో పెరిగిన మిత్రులు ఊహించుకోవాలి. మోసగాడు మాత్రం ఊహించుకోనక్కరలేదు, వాడికి బాగా తెలుసు. తొందరలో ఉన్న మనిషే వాడి పంట.

మా పక్క ఊళ్ళో మా నాయన స్నేహితుడొకాయన ఉన్నాడు. నేను మామా అని పిలుస్తాను. రెండేళ్ళ కిందట అక్టోబరు వానలకు పదును దొరికిన సమయంలో ఆయన ట్రాక్టరు డీజిలు పంపు చెడిపోయింది. కొత్తది కొనాలంటే ముప్పై వేలు దాటుతుందన్నారు. ఫోనులో ఎవరో తొమ్మిది వేలకు పెట్టారు. ఫోను చేస్తే అవతలివాడు తాను సైన్యంలో పని చేస్తున్నాననీ, బదిలీ అయిందనీ, ఇంట్లో సామాను అమ్మేస్తున్నాననీ చెప్పి గుర్తింపు కార్డు ఫోటో కూడా పంపాడు. సైన్యమంటే మనకు గౌరవం. ఆ గౌరవాన్నే వాడు పెట్టుబడిగా పెట్టాడు. ముందు మూడు వేలు అడ్వాన్సు. మరునాడు లారీ రసీదు ఫోటో, రవాణా ఖర్చు పదిహేను వందలు. ఆ మరునాడు పన్ను కట్టాలి, తిరిగి వస్తుందని రెండు వేల రెండు వందలు. నాలుగో రోజు ఫోను మోగలేదు. పోయిన డబ్బు ఆరు వేల ఏడు వందలు. కానీ అసలు నష్టం అది కాదు. పదును పోయింది. పది రోజుల తర్వాత బాడుగ ట్రాక్టరుతో ఆరిన నేల దున్నించి, ఆలస్యంగా విత్తి, ఆ ఏడు దిగుబడిలో సగం చూశాడు. ఫిర్యాదుకు వెళ్దాం రండి మామా అంటే, "నలుగురికి తెలిస్తే నవ్వుతారు, వద్దులేబ్బా" అన్నాడు. ఈ సిగ్గు మోసగాడికి రెండో పెట్టుబడి.

ఇది ఆయన ఒక్కడి కథ కాదు. సైనికుల పేరుతో ఓఎల్ఎక్స్ వంటి వేదికల మీద జరిగే మోసాల గురించి 2019, 2020 సంవత్సరాలలో హైదరాబాదు, సైబరాబాదు పోలీసులు పదేపదే హెచ్చరించారు. రాజస్థాన్‌లోని భరత్‌పూర్, హర్యానాలోని మేవాత్ ప్రాంతాల నుంచి ఈ ముఠాలు పని చేస్తున్నట్లు దర్యాప్తుల్లో తేలింది. 2023 ఏప్రిల్ నెలాఖరున హర్యానా పోలీసులు సుమారు 5,000 మందితో నూహ్ జిల్లాలో 14 గ్రామాల మీద ఒకే రాత్రి దాడి చేశారు. ఆ ముఠాలు దేశమంతటా సుమారు 28,000 మందిని, 100 కోట్ల రూపాయల మేర మోసగించాయని తరువాత ప్రకటించారు. అంటే ఇది ఎవడో ఆకతాయి చేసే పని కాదు. ఇదొక పరిశ్రమ. దానికి ముడిసరుకు మన అవసరం.

ఇక్కడ ఒక అర్థశాస్త్రవేత్త మాట చెప్పాలి. అమెరికాకు చెందిన జార్జి అకర్లాఫ్ 1970లో పాత కార్ల బజారును ఉదాహరణగా తీసుకొని ఒక వ్యాసం వ్రాశాడు. మూడు పత్రికలు తిప్పి పంపిన ఆ వ్యాసమే ఆయనకు 2001లో మరిద్దరితో కలిపి నోబెల్ బహుమతి తెచ్చిపెట్టింది. అక్కడి వాడుకలో చెడిపోయిన కారును 'లెమన్', అంటే నిమ్మకాయ అంటారు. ఆయన చెప్పిందేమంటే — సరుకు మంచిదో చెడ్డదో అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలియదు. అంచేత కొనేవాడు భయపడి సగటు ధరే ఇస్తానంటాడు. ఆ ధరకు మంచి సరుకు ఉన్నవాడికి గిట్టదు, తప్పుకుంటాడు. చెడ్డ సరుకు ఉన్నవాడు మిగులుతాడు. చివరకు బజారంతా పుచ్చు సరుకే.

మన జిల్లాలో నిమ్మకాయల సంగతి ఎవరికి తెలియదు? పొదలకూరు మార్కెట్టుకు పోయిన వ్యాపారి బస్తా విప్పి, కాయ చేతిలోకి తీసుకొని, నొక్కి చూసి, రంగు చూసి ధర కడతాడు. అక్కడ అకర్లాఫ్ సిద్ధాంతానికి అంతగా పని లేదు, కన్నూ చెయ్యీ ఉన్నాయి కనుక. మా తాత ఎద్దును కొనాలంటే నాలుగు సంతలు తిరిగేవాడట. పళ్ళు చూసేవాడు, సుళ్ళు చూసేవాడు, నడిపించి చూసేవాడు, కాడి కట్టించి చూసేవాడు. బేరం చివర్న తుండుగుడ్డ కింద వేళ్ళు పట్టుకొని తేలేది. అటువంటి తాతల మనుమలం మనం గేరుబాక్సును ఫోటోలో చూసి డబ్బు పంపుతున్నాం! "బర్రె నీళ్ళలో ఉండగానే కొమ్ములు బేరం పెట్టినట్లు" అని పెద్దలన్నది దీన్నే. నిజానికి ఇక్కడ నీళ్ళలో బర్రె ఉందో లేదో కూడా తెలియదు.

"అయితే పాత సామాన్లు కొనడమే మానుకోండి" అని సలహా ఇచ్చే పెద్దమనుషులున్నారు. నేను ఒప్పుకోను. మానుకోవడం జీతగాళ్ళకు సాధ్యం. అంబాసిడరు కారు తయారీ 2014లో ఆగిపోయింది. హెచ్.ఎం.టి. ట్రాక్టర్ల విభాగాన్ని మూసివేయాలని కేంద్ర మంత్రివర్గం 2016లో నిర్ణయించింది. ఆ బండ్లు ఇంకా ఊళ్ళలో తిరుగుతున్నాయి. వాటికి సామాను ఎక్కణ్ణుంచి వస్తుంది? పాత బండి నుంచే రావాలి. మోసాన్ని రైతు ఆశ మీద నెట్టేయడం కూడా అన్యాయం. 2014 ఆగస్టులో కాంపిటిషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు సుమారు 2,545 కోట్ల రూపాయల జరిమానా విధించింది. విడిభాగాలను బయటి మెకానిక్కులకూ, బహిరంగ మార్కెట్టుకూ సరిగా అందనివ్వలేదన్నది అభియోగం. కంపెనీలు అప్పీలుకు వెళ్ళాయి, అది వేరే సంగతి. అసలు సామాను సరసమైన ధరకు దగ్గరలో దొరికితే జనం దొంగ ఫోటోల వెంట ఎందుకు పడతారు? కేంద్ర వినియోగదారుల శాఖ 2022 డిసెంబరులో 'రైట్ టు రిపేర్' పోర్టలు ప్రారంభించి, అందులో మోటారు వాహనాలతో పాటు వ్యవసాయ యంత్రాలను కూడా చేర్చింది. మంచిదే. కానీ మా వైపు ఆ మాట విన్న రైతు నాకు ఒక్కడు కూడా తగల్లేదు.

అంచేత కొనడం తప్పదు. కొనే పద్ధతి నేర్చుకోవాలి. మా ఊరి మెకానిక్కుల దగ్గరా, నెల్లూరు ఆటోనగరులోనూ సెలవుల్లో అడిగి తెలుసుకున్నదీ, తరగతిలో చదువుకున్నదీ కలిపి చెబుతాను.

మొదటిది, కొత్తదాని ధర ముందు కనుక్కోవడం. 2025 సెప్టెంబరు 22 నుంచి మోటారు విడిభాగాల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి, ట్రాక్టరు టైర్ల మీదా పేర్కొన్న విడిభాగాల మీదా 18 నుంచి 5కి తగ్గింది. పాత ధర మనసులో పెట్టుకొని "సగానికే వస్తున్నది" అనుకుంటే అది సగం కాకపోవచ్చు. కొత్తదానికీ పాతదానికీ తేడా మూడో వంతు కూడా లేకపోతే పాతదాని జోలికి పోవద్దు. మరీ నాలుగో వంతుకే ఇస్తానంటే అసలే పోవద్దు.

రెండవది, చూడకుండా డబ్బు పంపకపోవడం. అడ్వాన్సు, టోకెను, రవాణా, పన్ను — పేరు ఏదైనా సరే. నమ్మకం కలిగించే బాధ్యత అమ్మేవాడిదే. "వీడియో కాల్ చెయ్యి, సామాను పక్కన ఈరోజు పేపరు పెట్టి చూపించు, దాని మీద పోత పోసిన నెంబరు చదువు" అని అడగాలి. నిజంగా సామాను ఉన్నవాడికి ఇది రెండు నిమిషాల పని. లేనివాడు కోప్పడతాడు, లేదా "ఇంకా ముగ్గురు అడుగుతున్నారు" అని తొందరపెడతాడు. తొందరపెట్టాడంటే ఫోను పెట్టేయవచ్చు. గుర్తింపు కార్డు పంపాడని మురిసిపోవద్దు. అది ఇంకెవరి దగ్గరో కొట్టేసిన ఫోటో కావచ్చు. లారీ రసీదు పంపితే దాని మీద ఉన్న నెంబరుకు కాకుండా, ఆ ట్రాన్స్‌పోర్టు ఆఫీసు నెంబరు మనమే వేరే చోట కనుక్కొని విచారించాలి.

మూడవది, చేత్తో పట్టి పరీక్షించడం. ఇక్కడే మన చదువు అక్కరకు వస్తుంది. మొదటి సంవత్సరం ప్రాక్టికల్సులో స్క్రూగేజీ పట్టుకొని తీగ మందం కొలిచి, ఇది జీవితంలో దేనికి పనికొస్తుందిలే అనుకున్నవాళ్ళం చాలామందిమి ఉన్నాం. క్రాంకుషాఫ్టు జర్నలు అరుగుదలను తేల్చేది అదే సాధనం, అందులోని 0.01 మిల్లీమీటరే. ఒకే జర్నలును నాలుగు దిక్కులా కొలిస్తే కోలగా అరిగిందో లేదో తెలిసిపోతుంది. ఇంతకుముందు 0.25 చొప్పున ఎన్నిసార్లు గ్రైండింగు చేశారో కూడా తెలుస్తుంది. సిలిండరు హెడ్డు మీద పగులు కంటికి కనబడదు. హెడ్డును శుభ్రం చేసి కిరసనాయిలు పూసి, కాసేపాగి తుడిచేసి, సుద్దపొడి చల్లితే పగులు ఉన్నచోట తడి గీత తేలుతుంది. ఇది కేశనాళికీయత. మనం పరీక్షలో వ్రాసేదీ, మేస్త్రీ పుస్తకం చూడకుండా చేసేదీ ఒకటే. బ్యాటరీ అయితే హైడ్రోమీటరు ముంచాలి. నిండా ఛార్జి ఉన్న సెల్లులో ఆమ్లం సాపేక్ష సాంద్రత 1.26, 1.28 మధ్య ఉంటుంది. అన్నీ సరిగా ఉండి ఒక్క సెల్లు బాగా తక్కువ చూపిస్తే ఆ బ్యాటరీ వదిలేయాలి. టైరు పక్కన నాలుగంకెల సంఖ్య ఉంటుంది. 2319 అంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైందని అర్థం. గాట్లు ఎంత లోతుగా ఉన్నా రబ్బరు వయస్సు ఆగదు.

నాలుగవది, పాతవి కొననే కొనకూడని సామాన్లు కొన్ని ఉన్నాయి. బ్రేకు సామాన్లు, స్టీరింగు జాయింట్లు, సీటు బెల్టులు, ఎయిరుబ్యాగులు. వీటిలో మిగిల్చే వెయ్యి రూపాయలు ప్రాణం ఖరీదు కాదు. ఈ కాలపు కార్లలోని కంప్యూటరు పెట్టె కూడా అంతే. చాలా కార్లలో అది ఆ బండి తాళానికి ముడిపడి ఉంటుంది. ఇంకో బండిలో పెడితే స్టార్టే కాకపోవచ్చు.

ఐదవది, అది దొంగసామాను కాదని తేల్చుకోవడం. ఇంజను, ఛాసిస్ వంటివి కొనేటప్పుడు నెంబరు తుడిచేసి ఉన్నా, మళ్ళీ కొట్టినట్లున్నా ముట్టుకోవద్దు. ఆర్.సి. చూపమని అడగాలి. జాతీయ నేర రికార్డుల సంస్థ నడిపే 'వాహన్ సమన్వయ్'లో ఆ నెంబరు దొంగిలించిన బండిదేమో చూసుకోవచ్చు. 1930 నాటి సరుకుల అమ్మకం చట్టం ప్రకారం, కొన్ని మినహాయింపులు పోను, తనకు లేని హక్కును అమ్మేవాడు కొనేవాడికి ఇవ్వలేడు. అంటే డబ్బు మనం ఇచ్చినా సామాను అసలు యజమానిదే. పైగా దొంగసొత్తని తెలిసి, లేదా తెలుసుకోదగిన కారణం ఉండీ కొంటే భారతీయ న్యాయ సంహిత 317వ సెక్షను కింద నేరం. చవక సామాను చెరసాల దాకా తీసుకుపోగలదు.

పాత సరుకులో ఏముందో తెలియకపోతే ఎంత అనర్థమో సైన్సు విద్యార్థులు మరువరాని ఉదంతం ఒకటి ఉంది. 2010లో ఢిల్లీ విశ్వవిద్యాలయం రసాయనశాస్త్ర శాఖ వాడకంలో లేని ఒక పాత పరికరాన్ని వేలం వేసింది. అందులో కోబాల్ట్-60 ఉంది. అది పాత బండ్ల సామాన్లకు పేరుపడ్డ మాయాపురి బజారుకు చేరింది. తుక్కు పనివాళ్ళు దాన్ని విప్పారు. రేడియేషనుకు గురై ఒకరు మరణించారు, మరికొందరు ఆసుపత్రి పాలయ్యారు. అక్కడ అమ్మినవాళ్ళు మోసగాళ్ళు కారు, చదువుకున్నవాళ్ళు. సరుకు గురించి చెప్పవలసింది చెప్పకపోవడం మోసమంత ప్రమాదమేనని దీన్నిబట్టి తెలుస్తున్నది.

చట్టం మనల్ని ఎంతవరకు కాపాడుతుంది? ఇది స్పష్టంగా తెలుసుకోవాలి. సరుకుల అమ్మకం చట్టంలో మూలసూత్రం — కొనేవాడే జాగ్రత్త పడాలి. 2020 నాటి ఈ-కామర్స్ నియమాలు వ్యాపారంగా కాక సొంత హోదాలో ఎప్పుడో ఒకసారి అమ్మే వ్యక్తికి వర్తించవని ఆ నియమాల్లోనే ఉంది. కాబట్టి దుకాణంలో కొంటే ఉన్న రక్షణ ప్రైవేటు వ్యక్తి దగ్గర కొంటే అంతగా లేదు. మన చేతితో మనమే పిన్ కొట్టి పంపిన డబ్బుకు బ్యాంకు పూచీ పడదు. ఇంకో ముక్క ఇంట్లో అందరికీ చెప్పండి: డబ్బు రావడానికి యూపీఐ పిన్ అక్కరలేదు, క్యూఆర్ కోడు స్కాను చేయనక్కరలేదు. ఆ రెండూ డబ్బు పోవడానికే.

మోసం జరిగిందని తెలిసిన గంటలోపే 1930కి ఫోను చేయాలి. లేదా జాతీయ సైబర్ క్రైమ్ పోర్టలులో ఫిర్యాదు నమోదు చేయాలి. డబ్బు ఇంకా ఏదో ఖాతాలో ఉండగానే అందితే ఆపించవచ్చు, ఆలస్యమైతే పది ఖాతాలు మారిపోతుంది. లావాదేవీ నెంబరు, ఫోను నెంబరు, మాటల స్క్రీన్‌షాట్లు చెరిపేయవద్దు. కొనకముందే అదే పోర్టలులో అనుమానితుల ఫోను నెంబరు, యూపీఐ ఐడి వెతికి చూసే సదుపాయం కూడా ఉంది. సిగ్గుపడవలసింది మోసం చేసినవాడు. మనకెందుకు సిగ్గు?

"చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్లు" కాకుండా, మన విద్యార్థి సంఘం ముందు నేను మూడు కోరికలు పెడుతున్నాను. ఒకటి, మన మండలాల్లో సంత జరిగే రోజున సెలవుల్లో ఒక బల్ల వేసుకొని ఇద్దరు విద్యార్థులు కూర్చుందాం. ఫోనులో బేరం చూసిన రైతు డబ్బు పంపకముందు మనకు చూపిస్తే చాలు. రెండు, ఫిజిక్సు లాబులోని స్క్రూగేజీ, వెర్నియరు, హైడ్రోమీటరు నెలకొక ఆదివారం ఊరి మెకానిక్కులకూ రైతులకూ అందుబాటులో ఉంచమని మన గురువులను అడుగుదాం. మూడు, వాహన విడిభాగాలు అమ్మేవారి గుర్తింపును నిజంగా సరిచూడకుండా ప్రకటన వేయనివ్వరాదని ఆ వేదికలనూ ప్రభుత్వాన్నీ కోరుతూ సంఘం తరఫున ఒక విజ్ఞాపన పంపుదాం.

మన ఇళ్ళలో ఫోను మాట్లాడేది పెద్దలే కావచ్చు, కానీ ఫోను తెలిసినవాళ్ళం మనమే. నాయన డబ్బు పంపబోతూ "అబ్బయా, ఇది నొక్కేదేనా?" అని అడుగుతాడు. అప్పుడు నొక్కి ఇచ్చేసి మన పనిలో మనం పడటం చదువుకున్నవాడి లక్షణం కాదు. ఎవరికి పంపుతున్నావు, సామాను చూశావా అని రెండు మాటలు అడుగుదాం. ఆ రెండు మాటలతో ఒక ఇంటి పదును నిలబడవచ్చు.